తడి మట్టిలో సర్వ్ అడుగులు

ఆదివారం, ఒడిశాలోని బరంపురం. తెల్లారే టెన్నిస్ మట్టి కోర్టుకి నీళ్లు చల్లారు. ఇలాంటి పొద్దున సర్వ్ చేసేవాళ్లని చూడక్కర్లేదు, నేల చూస్తే చాలు. కుడిచేతి ఆటగాడి ఎడమ పాదం బేస్‌లైన్‌కి, అంటే కోర్టు చివరి గీతకి, జానెడైనా లోపల దిగి, మునివేళ్ల దగ్గర మట్టి లోతుగా నొక్కుకుంటే ఒంటి బరువు బంతిలోకి వెళ్లినట్టే. ఇవాళ చాలా గుర్తులు గీత వెనకే ఉన్నాయి.

అందరూ తప్పు మోకాళ్ల మీదకి నెడతారు. అసలు దొంగ టాస్, అంటే కొట్టడానికి బంతిని పైకి వెయ్యడం. బంతి నడినెత్తిన లేస్తే దాన్ని అందుకోడానికి నడుము వెనక్కి వాలుతుంది, బరువు కుడికాలి మీదే ఉండిపోతుంది, బంతి తేలిపోయి, దాటకూడని సర్వీస్ గీత అవతల పడుతుంది. మణికట్టు విరిచి సరిచేద్దామంటే ఈసారి నెట్‌లోకి. ఫ్లాట్ సర్వ్‌కి (బంతిని పెద్దగా తిప్పకుండా నేరుగా కొట్టేదానికి) వేసిన టాస్‌ని కొట్టకుండా వదిలేస్తే, బేస్‌లైన్‌కి అడుగు, అడుగున్నర లోపల, కుడి భుజానికి ఎదురుగా పడాలి. అక్కడ ఒక చెప్పు పెట్టి, రాకెట్ ఊపకుండా 20 టాస్‌లు వేస్తే సంగతి తేలిపోతుంది.

నిలబడేటప్పుడు ఎడమ పాదం కుడి నెట్ స్తంభం వైపు, కుడి పాదం బేస్‌లైన్‌కి సమాంతరంగా. బరువు ముందు కాలి మీద మొదలై, చేతులు దిగుతుంటే వెనక్కి, టాస్ చెయ్యి లేస్తుంటే మళ్లీ ముందుకి. ఎడమ తుంటి కోర్టులోకి తోసుకురావాలి. మోకాళ్లు వంచి బంతి కోసం కాచుక్కూర్చుంటే ఆ ఊపంతా నేలపాలు; టాస్ మరీ ఎత్తుగా వేసేవాళ్లకి జరిగేది ఇదే. ఒడియాలో 'ఆగకు' అంటే ముందుకి, మనకి ఆగొద్దని. ఈ ఊళ్లో ఆ ఒక్క కేక అందరికీ సరిపోతుంది.

దిగేది ఎడమ కాలి మీదే, కుడికాలు వెనక్కి లేవాలి. కుడికాలు ముందుగా దిగిందంటే నడుము తొందరపడి తిరిగిపోయిందన్నమాట. షరపోవాలా వెనక కాలిని ముందు కాలి దగ్గరకి లాక్కునేవాళ్లలో ఇది ఎక్కువ, ఆ కాలు పక్కనుంచి చుట్టి వచ్చేస్తుంది. కొత్తవాళ్లకి ఫెదరర్‌లా కాళ్లు విడిగా ఉంచడమే నయం.

ఎనిమిదయ్యాక ఆగ్నేయాన సముద్రం ఒడ్డునున్న గోపాల్‌పూర్ వైపునుంచి గాలి లేచింది. పొద్దున పూట ఉత్తరం కొసనుంచి కొడితే కుడిచేతివాళ్ల ఒళ్లు పడమరకి తిరిగి ఉంటుంది కాబట్టి ఎండ వీపు మీదుంటుంది, కళ్లకి హాయి. కానీ ఆ ఎదురుగాలి టాస్‌ని నెత్తి మీదకి నెట్టి మళ్లీ పాత రోగమే తెస్తుంది. ఎత్తు తగ్గించి ఇంకో బెత్తెడు ముందుకి వెయ్యాలి.

తొమ్మిదికల్లా మట్టి ఆరిపోయింది. అడుగులు కనిపించడం మానేశాయి.