లింకర్ అడగని పేరు

మంగళవారం. గాజువాక గోడౌన్ వాళ్ల బిల్లింగ్ ప్రోగ్రాంలో లువా అనే చిన్న స్క్రిప్టింగ్ భాషని ఎక్కించే పని. కంటైనర్‌కి ఎన్ని రోజులు ఫ్రీ, ఆ తర్వాత రోజుకి ఎంత అన్నది వాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు మారుస్తారు. ప్రతిసారీ సీ ప్లస్ ప్లస్ కోడ్ కంపైల్ చేసి పంపడం ఎవడి వల్ల అవుతుంది? రేట్ల లెక్క చిన్న స్క్రిప్టులో పెట్టేస్తే వాళ్లే మార్చుకుంటారు.

కంపైల్ సాఫీగానే అయింది. లింకర్ మా కోడ్‌ని లువా లైబ్రరీతో కలిపే లింక్ దగ్గర స్క్రీన్ నిండా, పిలిచిన పేరు దొరకలేదనే ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’. ‘లైబ్రరీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేద్దామా అన్నా?’ అన్నాడు పక్క సీటు కుర్రాడు. వాడికి అన్నిటికీ అదే మందు. ఆగమన్నాను. ఎర్రర్‌లో లువాని మొదలుపెట్టే న్యూస్టేట్ ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లున్నాయి. సీ ఫంక్షన్ అయితే ఉత్త పేరే కనిపించాలి. కంపైలర్ దాన్ని సీ ప్లస్ ప్లస్ ఫంక్షన్ అనుకుని పేరు మార్చేసిందన్నమాట. లైబ్రరీలో ఉన్నది సీ పేరు. లువా ఫంక్షన్ల పేర్లు కంపైలర్‌కి చెప్పే హెడర్ ఫైల్ లువా డాట్ హెచ్ బదులు లువా డాట్ హెచ్‌పీపీ పెట్టాం. అందులో ఉన్నవీ అవే హెడర్లు, చుట్టూ ‘ఇవి సీ పేర్లు, మార్చొద్దు’ అని చెప్పే ‘ఎక్స్‌టర్న్ సీ’ ఉంటుంది, అంతే. ఎర్రర్లు చాలావరకు పోయాయి.

అసలు టెన్షన్ మిగిలినవాటితో. పీకాల్‌కే, టునంబర్ఎక్స్ దొరకలేదట. మా కోడ్‌లో ఆ పేర్లే లేవు! మేం రాసింది పీకాల్, టునంబర్. టీ తాగొచ్చి మళ్లీ చూస్తే, న్యూస్టేట్ గురించి లింకర్ ఇప్పుడు నోరెత్తడం లేదు. లువా 5.1లో పీకాల్ నిజమైన ఫంక్షన్. 5.2 నుంచి అది ఉత్త మాక్రో, అంటే కంపైల్ అయ్యేటప్పుడే వేరే కోడ్‌గా మారిపోయే పేరు, లోపల పీకాల్‌కేని పిలుస్తుంది. న్యూస్టేట్ మాత్రం రెండిటిలోనూ ఉంది. అంటే హెడర్ 5.4ది, లైబ్రరీ 5.1ది. ఎన్ఎం కమాండ్‌తో లైబ్రరీలో పేర్లు చూస్తే అదే తేలింది: పీకాల్ ఉంది, పీకాల్‌కే లేదు. ఏది ఎక్కణ్ణుంచి తెచ్చి కంపైల్ చేయాలో రాసి ఉండే పాత మేక్‌ఫైల్‌లో లైబ్రరీకి ఎప్పటిదో పాత్ అలాగే ఉండిపోయింది.

పాత్ మార్చగానే లింక్ అయింది. స్క్రిప్టులో రేటు మార్చి, కంపైల్ చేయకుండానే నడిపితే బిల్లు మొత్తం మారింది. ‘ఇంతేనా అన్నా?’ అన్నాడు కుర్రాడు, ఏదో మోసం జరిగినట్టు.

రేపు గోడౌన్ మేనేజర్ గారికి చూపించాలి. ఆయన స్క్రిప్టులో కామా ఎగరగొట్టినా ప్రోగ్రాం పడిపోకూడదు. లోడ్ దగ్గరే ఎర్రర్ పట్టుకుని, ఏ లైన్లో తప్పుందో తెలుగులో చూపించే పని కుర్రాడికి అప్పజెప్పి ఆఫీసున్న రుషికొండ దిగాను.