రేపు పదకొండింటికి ఫోన్

రేపు ఉదయం 11 గంటలకు ఫోన్ ఇంటర్వ్యూ. అరగంట పడుతుందని మెయిల్లో రాశారు. ప్రయాణం లేదు, ఏ బట్టలు వేసుకోవాలన్న గొడవ లేదు, ఇంకేం హాయి అంటారు అందరూ. నాకు మాత్రం ఇదే ఎక్కువ టెన్షన్. ఎదురుగా మనిషి ఉంటే మనం చెప్పేది ఎక్కుతోందో లేదో మొహంలోనే తెలిసిపోతుంది. తల ఊపితే చెప్పుకుపోతాం, నొసలు ముడిస్తే ఇంకోలా చెబుతాం. ఫోన్లో ఆ ఆధారం ఉండదు.

పొద్దున్నే ముందు ఫోన్ పని పట్టాను. ప్రకటనల కాల్స్ భరించలేక, తెలియని నంబర్లు మోగకుండా ఎప్పుడో సెట్టింగ్ పెట్టుకున్నాను. రేపు చేసేవాళ్లది కూడా తెలియని నంబరే కదా, తీసేశాను. కాల్ వెయిటింగ్ కూడా ఆ కాసేపు ఆపేస్తాను. జవాబు మధ్యలో ఆ బీప్ వినిపిస్తే చెప్పేది గాలికి పోతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టేశాను. పాటలకు అవి బాగుంటాయి గానీ, కాల్‌లో మైకు కూడా పనిచేయాల్సి వచ్చేసరికి మామూలుగా నాణ్యత తగ్గుతుంది. పాత వైరు ఇయర్‌ఫోన్సే నయం.

గొంతు సంగతి ఇంకోటి. పాత పద్ధతి ఫోన్ కాల్ దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ (శబ్దం ఎంత సన్నదో చెప్పే కొలత) వరకు ఉండే శబ్దాన్నే మోస్తుంది. స, ఫ లాంటి వాటిని స్పష్టంగా వినిపించే శబ్దం చాలావరకు ఆ పైనే ఉంటుంది. ఇప్పటి 4జీ కాల్స్ 7000 దాకా వెళ్లగలవు, అదీ రెండు వైపులా ఆ సదుపాయం ఉంటేనే. అవతలివాళ్లు ఏ లైను మీద ఉంటారో ఎవరికి తెలుసు? అందుకని అంకెలు వచ్చినప్పుడు ఫిఫ్టీన్ అని ఊరుకోకుండా వెంటనే వన్ ఫైవ్ అని కూడా చెప్పాలనుకున్నాను. అకౌంట్స్ ఉద్యోగానికి వెళ్తూ పదిహేనుకు యాభై వినిపిస్తే బాగుండదు.

మధ్యాహ్నం అక్కని పక్క గదిలో కూర్చోబెట్టి ఫోన్లోనే ప్రశ్నలు అడగమన్నాను. “మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి” అంది, మహా గంభీరంగా. ఒకే బిల్లుకు రెండోసారి పేమెంట్ వెళ్లబోతుంటే పట్టుకున్న సంగతి చెప్పాను. పరిస్థితి ఏంటి, నా పని ఏంటి, నేనేం చేశాను, చివరికేమైంది, ఈ వరసలోనే చెప్పి ముగించాను. అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను ఆగలేక మళ్లీ అందుకుని, అవసరం లేని వెండర్ల చరిత్రంతా చెప్పడం మొదలుపెట్టాను.

“ఆగవే, రాసుకుంటున్నాను” అంది అక్క.

అసలు కిటుకంతా ఇక్కడే ఉందనిపించింది. 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూస్తే, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఖాళీ సగటున సెకనులో ఐదో వంతే వచ్చిందట. మన చెవికి అంత తక్కువ అలవాటు. ఫోన్లో మాట అటు చేరడానికే కొంత సమయం పడుతుంది. ఒకవైపుకు 150 మిల్లీసెకన్ల దాకా ఫర్వాలేదని అంతర్జాతీయ టెలికాం ప్రమాణాలే అంటాయి. అంటే రానూ పోనూ 300. దానికి తోడు అవతలి మనిషి నోట్సు రాసుకుంటూ ఉంటారు. ఆ నిశ్శబ్దాన్ని నచ్చకపోవడంగా లెక్కేసి మాటలతో నింపేస్తే, బాగా చెప్పిన జవాబు కూడా పాడవుతుంది. అందుకే సాయంత్రం దాకా ఇదొక్కటే సాధన చేశాం. జవాబు ముగించాలి, నోరు మూసుకోవాలి, అవతలివాళ్లు మాట్లాడేదాకా ఆగాలి. చెప్పుకోవడానికి సులువే గానీ, ఆ మూడు నాలుగు సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో! అక్క కావాలనే ఇంకా సాగదీసింది.

అద్దం ముందు నిలబడి నవ్వుతూ మాట్లాడితే గొంతులో తేడా తెలుస్తుందని సలహాలు ఇస్తుంటారు. నవ్వు గొంతులో వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. అద్దం మాత్రం నా వల్ల కాదు, జుట్టు సర్దుకుంటూ ప్రశ్న మర్చిపోతాను.

చూసి చెప్పుకునే వీలుంది కదా అని జవాబులన్నీ రాసి పెట్టుకోలేదు. చదువుతుంటే గొంతు ఇట్టే పట్టిస్తుంది. ఒక్క కాగితం మీద ముఖ్యమైన మాటలు, పాత ఉద్యోగం తేదీలు, వాళ్లని అడగాల్సిన ప్రశ్నలు రాశాను. అది కూడా చప్పుడు కాకుండా టేబుల్‌కి అతికించేశాను.

మిగిలింది జీతం ప్రశ్న. “ముందు వాళ్లెంత అనుకున్నారో అడుగు” అంటుంది అక్క. అడుగుతాను గానీ, తిరిగి నన్నే అడిగితే తడుముకోకూడదు. అందుకని కాగితం చివర పెన్సిల్‌తో ఒక అంకె రాశాను. అక్క చూసి పెదవి విరిచింది. చెరిపి కొంచెం పెంచి రాశాను. ఇంకా పెంచమంటోంది.