కిలిమంజారో దారిలో మా అమ్మాయికి దొరికిన పెద్దలు

దార్ ఎస్ సలామ్‌లో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే పిల్లల మాట రాకుండా ఉండదు. మాట వచ్చిందంటే బెంగ ఒక్కటే, తెలుగు మర్చిపోతారేమోనని. అందుకే ఆదివారాలు తెలుగు క్లాసులు పెట్టుకున్నాం. ఉగాదికి నాటకాలు వేయిస్తాం, సంక్రాంతికి ముగ్గులు పెట్టిస్తాం. ఇవన్నీ కావాలి. ఆ క్లాసుల్లో నేనూ పాఠం చెబుతాను. కానీ నా బెంగ అక్కడితో ఆగదు. మా పిల్లలు పుట్టి పెరుగుతున్నది టాంజానియాలో. ఇంటర్నేషనల్ స్కూలు, కారు, మాల్, గుడి, మళ్లీ అపార్ట్‌మెంటు. ఈ చక్రంలో వాళ్లకు రోజూ కనిపించే ఈ దేశపు మనుషులు ఎవరు? డ్రైవరు, వాచ్‌మన్, ఇంట్లో పనిచేసే అమ్మాయి. అంటే మనం జీతం ఇచ్చేవాళ్లు. ఒక దేశంలో పెరుగుతూ, ఆ దేశపు మనిషి మాట విని నడుచుకోవాల్సిన అవసరమే రాకుండా పెద్దదైన పిల్లకు ఆ దేశం ఎట్లా అర్థమవుతుంది?

ఇక్కడ పిల్లలు పెద్దవాళ్లు ఎదురైతే ‘షికామో’ అంటారు. పెద్దవాళ్లు ‘మరహబా’ అని అందుకుంటారు. చూడ ముచ్చటైన అలవాటు. మన పిల్లలకు పంతులుగారి కాళ్లకు దండం పెట్టడం నేర్పుతాం. గేటు దగ్గర కూర్చునే అరవై ఏళ్ల మనిషికి షికామో చెప్పమని ఎంతమందిమి చెబుతాం? మా ఇంట్లో మాత్రం ఈ విషయంలో నేను మొదటి నుంచీ గట్టిగానే ఉన్నాను.

ఈ దేశంలోనే ఉన్న కిలిమంజారో కొండ ఎక్కుదామన్న ఆలోచన మా అమ్మాయిదే. పూర్ణ మాలావత్ గురించి చదివింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చి, గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయి. తర్వాత కిలిమంజారో కూడా ఎక్కింది. “ఆ అక్క అంత దూరం నుంచి వచ్చి ఎక్కింది, మనం ఈ దేశంలోనే ఉండి కూడా ఎక్కలేదు” అంది మా అమ్మాయి. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఆయన దార్‌లోనే ఉండిపోయారు, ఎందుకంటే పదేళ్లు నిండని పిల్లలను శిఖరం దాకా పంపరు, మా చిన్నవాడికి ఎనిమిది. అనంతపురంలో మా అమ్మకు ఫోన్‌లో చెబితే, “పసిబిడ్డను ఆ మంచుకొండకు ఎందుకు తీస్కపోతాండావే?” అని ఒకటే గోల.

మేం ఎంచుకున్నది మచామే దారి. మామూలుగా ఆరేడు రోజుల నడక. ఈ కొండ ఎక్కడానికి తాళ్లు, మంచుగొడ్డళ్లు అవసరం లేదు. ఓపిక ఉంటే నడకే. అయితే గైడ్ లేకుండా ఎవరినీ లోపలికి పంపరు. 1991 నుంచి అది నిబంధన. మోషీ పట్నం నుంచి గేటు దాకా వెళ్లే రోడ్డుకు ఇరువైపులా చాగా అనే స్థానిక తెగ రైతుల తోటలు. పైన అరటి, దాని నీడలో కాఫీ, మధ్యలో పిల్లకాలువలు. గేటు దాటగానే దట్టమైన అడవి. మా గైడ్ యాభై దాటిన మనిషి, ఆ ఊళ్లలోనే పుట్టినవాడు. ఆయనకు మా అమ్మాయి చెప్పిన మొదటి మాట షికామో. ఆయన ఒక క్షణం ఆగి, దాని ముఖం చూసి మరహబా అన్నాడు. ఆ తర్వాత ఆయన నాతో ఇంగ్లిష్‌లో, దానితో స్వాహిలిలో మాట్లాడాడు. దాని స్వాహిలి స్కూల్లో నేర్చుకున్నది. తప్పు పలికినప్పుడల్లా ఆయన ఆపి సరిదిద్దేవాడు. అది మారుమాట్లాడకుండా దిద్దుకునేది. నేను తెలుగులో ఒక ఒత్తు సరిచేస్తే అరగంట అలిగే పిల్ల అది.

‘పోలే పోలే’ అని అక్కడ అందరూ అంటారు, మెల్లగా మెల్లగా అని. ఆ నడక ఎంత మెల్లగా అంటే, మాట్లాడుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు. షిరా మైదానం మీద నడుస్తుండగా ఆయన తన తాత కాఫీ తోట గురించి చెప్పాడు. ఇక్కడి రైతులు 1933లోనే కాఫీ అమ్ముకోవడానికి సొంతంగా సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం గురించి ఆయన గర్వంగా చెప్పాడు. తర్వాత ధరలు పడిపోయి, పొలం అన్నదమ్ముల మధ్య ముక్కలై, తను మూటలు మోసే పోర్టర్‌గా కొండ మీదికి వచ్చానన్నాడు. అది విని మా అమ్మాయి, “మా తాతది వేరుశెనగ” అంది. వాన రాని సంవత్సరాలు, నీళ్లు పడని బోర్లు, మా తమ్ముళ్లు బెంగళూరుకు, మేం ఇక్కడికి రావడం, అన్నీ చెప్పింది. సెలవులకు అనంతపురం వెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని మా నాన్న చెప్పే మాటలు అది వింటోందని కూడా నేను అనుకోలేదు. తనకు వచ్చినంత స్వాహిలిలో, మాట దొరకని చోట చేతులతో చూపిస్తూ, మా ఊరి కరువును కిలిమంజారో మీద ఒక చాగా పెద్దాయనకు వివరించింది. ఆయన అడిగిన ప్రశ్నలు రైతు అడిగేవి. బోరు ఎంత లోతు, అప్పు ఎవరిచ్చారు, పొలం అమ్మేశారా ఉందా. తాత పొలం ఇంకా ఉందని చెప్పినప్పుడు దాని గొంతులో వినిపించిన ధీమా నాకు కొత్త. మూలాలు నేర్పాలని మనం ఎన్నో చేస్తాం. అడిగే మనిషి దొరికితే పిల్లలు ఎంత చెప్పగలరో ఆ రోజు చూశాను.

రాత్రి భోజనం దగ్గర ఒక చిన్న గొడవ. ట్రెక్కర్లకు విడిగా టెంటు వేసి, బల్ల మీద సూపు, పాస్తా, వేయించిన బంగాళాదుంపలు పెడతారు. సిబ్బంది తమ టెంటులో ఉగాలి తింటారు. మా ఇద్దరి కోసం గైడ్లు, వంటాయన, పోర్టర్లు కలిపి దాదాపు పది మంది. మా అమ్మాయి తనకూ ఉగాలి కావాలంది. వంటాయన ఒప్పుకోలేదు, అతిథులకు అది పెట్టకూడదన్నాడు. గైడ్ నవ్వి సర్దిచెప్పాడు. తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ఆ ముద్ద మాకు కొత్తేం కాదు, మా సీమ సంకటి లాంటిదే. చేత్తో తుంచి, ఆకుకూరలో అద్దుకుని తింటుంటే చుట్టూ ఉన్న కుర్రాళ్లు కేకలు వేశారు. నేను సీసాలో తెచ్చిన ఆవకాయ అక్కడే ఖాళీ అయింది. మర్నాటి నుంచి మా అమ్మాయికి అందరి పేర్లూ తెలుసు. ఎవరికి పిల్లలున్నారో, ఎవరు కాలేజీ ఫీజు కోసం మోస్తున్నారో తెలుసు.

పోర్టర్ మోసే బరువు 20 కిలోలు దాటకూడదని నియమం. గేటు దగ్గర కాటా వేసి చూస్తారు. అయినా తక్కువ ధరకు ఎక్కిస్తామనే చోట ఆ తగ్గింపు ఎవరి కూలిలోంచి వస్తుందో ఆలోచించాలి. పిల్లలతో వెళ్లాలనుకునేవాళ్లు నన్ను ముందు ఖర్చు అడుగుతారు. పోర్టర్లకు రోజుకు ఎంత ఇస్తారో, ఎన్ని పూటలు పెడతారో, వాళ్లు పడుకునే టెంటు ఎలాంటిదో ముందు కంపెనీని అడగమంటాను. అది పిల్లల ముందే అడగమంటాను.

ఎత్తు గురించి చెప్పాలి. గాలిలో ఆక్సిజన్ శాతం పైనా కిందా ఒకటే, కానీ పీడనం తగ్గుతుంది కాబట్టి శిఖరం మీద ఒక్కో ఊపిరికి అందేది సముద్రమట్టంలో అందేదాంట్లో దాదాపు సగం. అందుకే శరీరం అలవాటు పడేలా లావా టవర్ దగ్గర 4,600 మీటర్ల దాకా ఎక్కించి, పడుకోవడానికి మళ్లీ 3,900 మీటర్లకు, బరాంకో లోయలోకి దింపుతారు. ఆ లోయలో మనిషికి రెండింతల ఎత్తు సెనీషియో చెట్లు ఉంటాయి. ఎండిన ఆకులను రాల్చకుండా కాండానికి దుప్పటిలా కప్పుకుని రాత్రి చలిని తట్టుకుంటాయి. రోజూ సాయంత్రం గైడ్ వేలికి ఆక్సీమీటర్ పెట్టి, తలనొప్పి ఉందా, తిన్నావా, నిద్ర పట్టిందా అని అడిగేవాడు. వెనక్కి పంపేస్తారన్న భయంతో పిల్లలు తలనొప్పి దాచేస్తారు. నేను అడిగితే మా అమ్మాయి బాగానే ఉన్నానంది. ఆయన అడిగితే నిజం చెప్పింది. దాచడం వల్లే మెదడులో, ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా వస్తుందని ఆయన దానికి ఓపిగ్గా చెప్పాడు. ఆ రాత్రి నీళ్లు ఎక్కువ తాగించి, త్వరగా పడుకోబెట్టాడు. పొద్దునకు తగ్గింది.

శిఖరానికి ముందు చివరి మజిలీ అయిన బరాఫు శిబిరం నుంచి అర్ధరాత్రి బయల్దేరాం. నుదుటి మీద దీపాలు, కాలు పెడితే జారే రాళ్లపొడి, సీసాలో గడ్డకట్టిన నీళ్లు. 5,700 మీటర్లు దాటాక వచ్చే స్టెల్లా పాయింట్ దగ్గర తెల్లవారింది. అప్పటికే నాకు వాంతులు, అడుగు తడబడుతోంది. గైడ్ నన్ను తిన్నగా గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. నడవలేకపోయాను. తర్వాత మా అమ్మాయిని అలాగే నడిపించాడు, వేళ్లు చూశాడు, లెక్కలు అడిగాడు. ఆయన చెప్పింది విని అది నా దగ్గరికి వచ్చి, “అమ్మా, నువ్వు దిగాలంట. నేను వెళ్లొచ్చంట” అంది.

అది ఎక్కువసేపు ఆలోచించే చోటు కాదు. శిఖరం ఇంకో గంట లోపు. కన్నబిడ్డను, కొద్ది రోజుల కిందటి దాకా నాకు తెలియని ఒక మనిషి చేతికి ఇచ్చి, నేను వెనక్కి తిరిగి దిగిపోవాలి. దిగాను. ఆయన మీద నాకు ఆ క్షణంలో ఉన్న నమ్మకం మా దగ్గరి బంధువుల మీద ఉండే నమ్మకానికి తక్కువేం కాదు. సహాయ గైడ్ నా చెయ్యి పట్టుకుని ఆ రాళ్లపొడి మీదుగా కిందికి తీసుకొచ్చాడు. బరాఫులో టెంటులో పడుకుని, బయట ప్రతి బూటు చప్పుడుకూ లేచి చూశాను.

పొద్దెక్కాక వచ్చింది. పెదాలు పగిలి, ముఖమంతా దుమ్ము. 5,895 మీటర్ల బోర్డు దగ్గర ఫోటో చూపించింది కానీ, ముందు చెప్పింది ఫోటో గురించి కాదు. ఒకప్పుడు ఇక్కడ పాలించిన జర్మన్లు తమ చక్రవర్తి పేరు పెట్టుకున్న ఆ శిఖరం మీద, 1961 డిసెంబర్ 9న ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు న్యిరెండా అనే సైనికాధికారి కాగడా వెలిగించాడని, అందుకే ఇప్పుడది ఉహురు, అంటే స్వేచ్ఛ అని. 1889లో హాన్స్ మేయర్ అనే జర్మన్ మొదటిసారి శిఖరం ఎక్కినప్పుడు లావో అనే చాగా యువకుడు దారి చూపాడని వాళ్లు చెప్పుకుంటారని. అంచున మంచుగోడలు చూశానని, 1912లో ఉన్న మంచులో 80 శాతానికి పైగా పోయిందని. ఇవన్నీ గైడ్ చెప్పినవే. చెప్పేటప్పుడు “మన ఉహురు” అంది.

మ్వెకా గేటు దగ్గర అందరికీ టిప్పులు ఇచ్చే సమయానికి కవర్ల మీద పేర్లు అదే రాసింది, స్పెల్లింగులు అడిగి మరీ. పెద్దవాళ్లకు షికామో చెబుతూ ఒక్కొక్కరికీ తనే ఇచ్చింది. వంటాయన దానికి ఒక చిన్న మొక్కజొన్న పిండి పొట్లం ఇచ్చాడు.

ఇంటికి వచ్చాక అనంతపురానికి వీడియో కాల్. మనవరాలి కాళ్లూ చేతులూ అన్నీ చూపించమని, ఒక్క గీత కూడా పడలేదని తేల్చుకున్నాక మా అమ్మ అడిగింది, “పైన నీకు తోడు ఎవరు పోయినారు?” గైడ్ సంగతంతా చెప్పింది మా అమ్మాయి. “ఆయప్పను ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టినారా లేదా?” అంది మా అమ్మ.

ఏప్రిల్‌లో ఇక్కడ పెద్ద వానలు, కొండ మీద పని తక్కువ. ఆయన చెల్లెలు దార్‌లోనే ఉంటుందట, అప్పుడు వస్తానన్నాడు. మా అమ్మాయి ఇప్పటికే వంటల జాబితా రాసి ఫ్రిజ్ మీద అంటించింది. తోటకూర పప్పు, వంకాయ కూర, పెరుగు నా వంతు. ఉగాలి తనే చేస్తుందట, నన్ను గరిటె ముట్టుకోవద్దంది.