బొమ్మ గీయకుండా మగ్గం మీద గోదావరి తిన్నె

ట్యాపెస్ట్రీలో, అంటే మగ్గం మీద బొమ్మలు నేసే నేతలో, కనిపించేదంతా పేకే, అంటే అడ్డంగా పోయే దారమే. పడుగు, అంటే నిలువుగా బిగించిన దారం, పూర్తిగా దాగిపోతుంది. చారల జంపఖానాలో పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. ఇక్కడ ఒక్కో రంగు తన ఆకారం ఉన్నంత మేరే పోయి వెనక్కి తిరుగుతుంది.

మామూలుగా అసలు కొలతకు గీసిన బొమ్మను పడుగు వెనక పెట్టుకుని నేస్తారు. అది లేకుండానూ నేయొచ్చు. ఈజిప్టులో గిజా దగ్గరి హర్రానియా గ్రామంలో వాస్తుశిల్పి రంసెస్ విస్సా వాసెఫ్ 1950ల మొదట్లో పల్లె పిల్లలకు మగ్గాలిచ్చి, ముందుగా గీసిన బొమ్మ ఉండకూడదని నియమం పెట్టాడు. వాళ్ల చుట్టూ ఉన్న చెట్లూ పక్షులూ నేరుగా మగ్గమెక్కాయి.

బొమ్మ లేదంటే ఆలోచన అక్కర్లేదని కాదు. నేత కింది నుంచి పైకే పెరుగుతుంది, కింద పడిన వరసను మార్చాలంటే పైదంతా విప్పాలి. అందుకే రంగులు, ఏ ఆకారం ముందు రావాలన్న వరస తేల్చుకున్నాకే కూర్చోవాలి. మొదటిసారికి గోదావరి ఇసుక తిన్నె, రెల్లు, సాయంత్రపు నీరు బాగా కుదురుతాయి. అడ్డంగా సాగే గీతలు నేతకు సులువు.

40 × 50 సెంటీమీటర్ల చెక్క చట్రం, పైనా కిందా మేకులు చాలు. పడుగుకు గట్టిగా పురిపెట్టిన నూలు దారం, సెంటీమీటరుకు 3 పోగులు. 25 సెంటీమీటర్ల వెడల్పుకు 76 పోగులు పెట్టుకోండి. వేలితో మీటితే అన్నీ ఒకే బిగువులో పలకాలి. పేకకు సన్నని ఊలు నాలుగు పోగులు కలిపి ఒక కట్ట. 35 సెంటీమీటర్ల ఎత్తుకు వృథాతో కలిపి 150 గ్రాములు సరిపోతుంది. కట్ట లావైతే పడుగు మధ్య ఇమడక తెల్లగా బయటపడుతుంది. మరీ సన్నమైతే నేత అట్టలా బిగుసుకుంటుంది.

ఊలుకు ఇంట్లోనే రంగు వేసేటట్లయితే 150 గ్రాములకు 20 గ్రాముల పటిక. ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు, నీలిమందు నిలుస్తాయి. పసుపు మాత్రం వద్దు, వెలుతురుకు కొన్నాళ్లకే వెలిసిపోతుంది. వేడినీళ్లలోంచి తీసిన ఊలును చన్నీళ్లలో ముంచితే ముద్దకట్టి పాడవుతుంది.

ముందు పడుగు దారంతోనే ఎనిమిది వరసలు నేసి అడుగు గట్టి చేయండి. తర్వాత తిన్నె. కింద వెడల్పుగా ఉండి పైకి సన్నబడే ఆకారాన్ని ఎప్పుడూ ముందు నేయాలి, దాని పక్కల నీటిని తర్వాత నింపాలి. పైకి విచ్చుకునే ఆకారమైతే చుట్టుపక్కలది ముందు. ఈ వరస తప్పితే పైన వాలిన భాగం కిందికి పంజా (పేకను కొట్టే దువ్వెన) దిగదు, పేకను కొట్టి కూర్చోబెట్టలేం. ప్రతి రెండు వరసలకూ రెండు పడుగు పోగులు తగ్గిస్తే వాలు మెత్తగా ఉంటుంది. ఎనిమిది వరసలకు ఒకటి తగ్గిస్తే గట్టు నిటారుగా నిలుస్తుంది.

అసలు ఆనందం నీటి దగ్గర ఉంది. ముదురు నీలం రెండు వరసలు, లేతది రెండు వరసలు మార్చి మార్చి వేస్తే సన్నని అలల గీతలు వాటంతట అవే వస్తాయి. అదే ఒక్కో వరస చొప్పున మారిస్తే నిలువు చారలు పడతాయి. రెల్లు దుబ్బుకు ఇదే మార్గం. పోగుల మధ్య చీలిక లేకుండా నిలువు గీత దొరుకుతుంది. తాటిచెట్టు మొదలును వేరే రంగు కట్టతో నేస్తే రెండు పక్కలా పొడవాటి చీలికలు పడతాయి. రెండు సెంటీమీటర్లు దాటితే సూదితో కుట్టాలి, లేదా పక్క రంగుతో మెలివేయాలి. చెట్లే ప్రధానమైతే బొమ్మను పక్కకు తిప్పి నేయడమే మేలు.

పొద్దువాలే వెలుగుకు కట్టలోని నాలుగు పోగుల్లో ఒక్కొక్కటే మార్చండి: నాలుగూ నీలం, మూడు నీలం ఒక నారింజ, ఆ తర్వాత రెండూ రెండు. ఎన్ని వరసలకు మార్చాలన్నది కన్ను చెబుతుంది. రెండు రంగులు పక్కపక్కన కలిసే చోట తిరుగు మలుపు ఒకే పడుగు పోగు మీద పడనివ్వకూడదు. ఒకసారి మూడు పోగులు లోపలికి, మరోసారి ఏడు, ఇంకోసారి రెండు. లెక్క తప్పక పడితే మెట్లలా కనిపించి వెలుగు చచ్చిపోతుంది.

అందరికీ ఎదురయ్యే చిక్కు, నేత నడుము సన్నబడడం. పేకను తిన్నగా లాగి కొడితే అది పడుగు మీదుగా కిందా పైనా వంగడానికి నిడివి చాలక అంచుల్ని లోపలికి గుంజుతుంది. పేకను కొండలా వంపుగా పరచి, మధ్యలో రెండు మూడు చోట్ల వేలితో నొక్కి, అప్పుడు కొట్టాలి. వంపు ఎక్కువైతే చిన్న ఉచ్చులు పైకి లేస్తాయి. ప్రతి 5 సెంటీమీటర్లకూ స్కేలు పెట్టి చూడండి. అర సెంటీమీటరు తగ్గిందంటే అక్కడే విప్పాలి. పై వరసలు వదులు చేసి సర్దబోతే అంచు ముడతలు పడుతుంది.

చివర మళ్లీ ఎనిమిది వరసల నూలు. చట్రం నుంచి కోసేటప్పుడు వీలైనంత పొడవుగా పడుగు వదిలి, రెండేసి పోగులు ముడివేయండి. తడిగుడ్డ కప్పి ఇస్త్రీపెట్టెను పైపైన ఆనించి, రాత్రంతా బల్లపరుపుగా ఆరనివ్వండి.