నంది మనసులో మాట: వీడియో మీద ఆలోచన బుడగలు, పని ఎందాక వచ్చింది

చేతిలో ఉన్న షాట్లు మూడు. హన్మకొండ వేయి స్తంభాల గుడి నంది, భద్రకాళి చెరువు కట్ట మీది మేక, వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. మూడింటిలోనూ తల మీద కార్టూన్ బొమ్మల్లో ఉండే ఆలోచన బుడగ రావాలి. వీడియో సైజు 1920×1080, సెకనుకు 25 ఫ్రేములు. బొమ్మ గీయడానికి ఇంక్‌స్కేప్, వీడియోలో కూర్చడానికి కెడెన్‌లైవ్. రెండూ ఉచితమే.

ముందు ఫుటేజీ సంగతి. ఫోన్ వీడియోలో ఫ్రేముల వేగం ఒక్కతీరుగా ఉండదు, వెలుతురును బట్టి ఫోనే మార్చుకుంటుంది. అట్లాంటి క్లిప్ మీద బుడగ పెడితే మొదటి 10 సెకన్లు బాగానే ఉండి, తర్వాత మెల్లగా తల నుంచి జారిపోతుంది. తప్పు ట్రాకింగ్‌ది (తల ఎటు కదిలితే అటు బుడగను కదిలించే పని) అనుకుని గంటలు పోగొట్టుకోవద్దు. ఎడిటర్ టైమ్‌లైన్ మీద వేయకముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుంటే ఈ గోల ఉండదు.

బుడగ గీయడం

మేఘం 520×300 పిక్సెళ్లు. తొమ్మిది కోడిగుడ్డు ఆకారాలను ఒకదాని మీద ఒకటి ఎక్కేట్టు పెట్టి, అన్నీ ఎంచుకుని ‘యూనియన్’ చేస్తే ఒకే మేఘం అవుతుంది. అంచు గీత యూనియన్ తర్వాతే వేయాలి. ఆకారాల సైజులు సమానంగా ఉంటే మేఘం కాదు, బంతిపువ్వు అవుతుంది. పైన పెద్దవి, కింద చిన్నవి పెడితే బరువు కుదురుతుంది. గీత మందం 6 పిక్సెళ్లు. 3 కంటే తగ్గితే వాట్సాప్‌లో పంపిన కాపీలో గీత కొట్టుకుపోతుంది. లోపలి రంగు పాలతెలుపు కన్నా కొంచెం పసుపు వైపు: ఎరుపు 250, ఆకుపచ్చ 248, నీలం 240.

కింద మూడు చుక్కలు, 54, 34, 20 పిక్సెళ్ల వ్యాసంతో. మాట్లాడే బుడగ తోక నోటి వైపు పోతుంది, ఆలోచన చుక్కలు తల వైపు పోవాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. చుక్కలు మూతి దగ్గర ఆగితే మేక ఆలోచిస్తున్నట్టు ఉండదు, గడ్డి నములుతూ బుడగలు వదులుతున్నట్టు ఉంటుంది.

మేఘంలో అక్షరాలకు పనికొచ్చే చోటు మనం అనుకునేదానిలో సగమే. అండాకారంలో పట్టే పెద్ద దీర్ఘచతురస్రం వెడల్పులో 70 శాతం, ఎత్తులో 70 శాతం. అంటే ఇక్కడ దాదాపు 365×210. 52 పిక్సెళ్ల అక్షరంతో రెండు వరుసలు దాటవు. తెలుగుకు వరుసల ఎడం 1.5 రెట్లు పెట్టాలి. తగ్గిస్తే పై వరుస వత్తులు వచ్చి కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి.

ఫాంట్ రామభద్రతో మొదలైంది. చూడటానికి దిట్టంగా కార్టూన్ తీరుగానే ఉంది కానీ, వత్తుల లోపలి ఖాళీలు చిన్న తెరమీద పూడిపోయాయి. ఇప్పుడు మండలి అనే ఫాంట్ వాడకంలో ఉంది, 2 పిక్సెళ్ల అదనపు అంచుతో కొంచెం లావు చేసి. కొన్ని ఎడిటర్లలో తెలుగు నేరుగా టైపు చేస్తే వత్తులు విడిపోయి పొల్లు అక్షరాలు పక్కపక్కన పడతాయి. ఇంక్‌స్కేప్‌లో రాసి, పారదర్శక పీఎన్‌జీగా రెండింతల సైజులో ఎగుమతి చేయడం అన్నిటికన్నా నమ్మకం. అక్షరాలకు వేరే పీఎన్‌జీ, మేఘానికి వేరే. జంతువు ఇటు తిరిగితే మేఘాన్ని అద్దంలోలా తిప్పొచ్చు, అక్షరాలను తిప్పలేం కదా.

కాన్వాస్ కిటుకు

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ కాలం తిన్నది ఇదే. మేఘం చిన్నగా మొదలై ఉబ్బాలి. ఎడిటర్ దాన్ని బొమ్మ నడిమి నుంచి ఉబ్బిస్తుంది, మనకు కావాల్సింది తల దగ్గరి నుంచి. విరుగుడు: అన్నిటికన్నా చిన్న చుక్క సరిగ్గా కాన్వాస్ (బొమ్మ గీసే పేజీ) కేంద్రంలో పడేట్టు ఆ పేజీని పెద్దది చేయాలి. చుక్క నుంచి మేఘం అవతలి అంచు 640 పిక్సెళ్ల దూరం, పై అంచు 470. కాబట్టి కాన్వాస్ 1280×940. నాలుగింట మూడు వంతులు ఖాళీయే, పర్వాలేదు. చుక్కలు, మేఘం, అక్షరాలు అన్నీ ఇదే కాన్వాస్ మీద. ఇక ఎంత పెంచినా తగ్గించినా చుక్క కదలదు, మిగతాదంతా దాని చుట్టూ పెరుగుతుంది. ట్రాకింగ్‌కూ ఇదే కలిసొచ్చింది: తల ఎక్కడుందో అక్కడ కాన్వాస్ కేంద్రం పెడితే చాలు.

రాక వరుస: చిన్న చుక్క, 3 ఫ్రేముల తర్వాత నడిమిది, ఇంకో 3 తర్వాత పెద్దది, ఆ తర్వాత మేఘం. మేఘం 6 ఫ్రేముల్లో 0 నుంచి 108 శాతానికి పోయి, 3 ఫ్రేముల్లో 100కు దిగాలి. అక్షరాలు మేఘం నిలబడ్డాకే. పోయేటప్పుడు అన్నీ కలిపి 4 ఫ్రేములు, అప్పుడు ఎగరడాలు వద్దు. మాటను మామూలు వేగంతో రెండుసార్లు పైకి చదవడానికి ఎంతసేపు పడుతుందో బుడగ అంతసేపు ఉండాలి.

షాట్ 1: నంది

కదలని రాయికి ట్రాకింగ్ ఎందుకు? పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం, ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. చేత్తో తీసిన షాట్ కాబట్టి ఊగుతుంది. కెడెన్‌లైవ్ మోషన్ ట్రాకర్‌లో కేసీఎఫ్ అనే ట్రాకింగ్ పద్ధతి వేగంగానే నడిచింది, కానీ 40వ ఫ్రేము దగ్గర జారింది. కారణం నున్నటి నల్లరాయి. కెమెరా కదిలితే రాయి మీది మెరుపు కూడా కదులుతుంది, ట్రాకర్ ఆ మెరుపు వెంట పోయింది. ట్రాకర్ దేన్ని పట్టుకోవాలో చూపే పెట్టెను మెడలోని చెక్కిన గంటల దండ మీదికి మార్చి, సీఎస్‌ఆర్‌టీ అనే ఇంకో పద్ధతి ఎంచుకుంటే చివరిదాకా నిలిచింది. నిదానమే, కానీ పట్టు విడవదు. దండకూ తలకూ ఉన్న దూరాన్ని కీఫ్రేములు (ఏ ఫ్రేములో బొమ్మ ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) దించుకునేటప్పుడే కలుపుకోవాలి. స్థానం మాత్రమే తీసుకోవాలి, ట్రాకర్ పెట్టె వెడల్పు ఎత్తు తీసుకుంటే బుడగ ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది.

మాట మొదట ఇలా ఉండె: ‘ఎనిమిది వందల అరవై ఏండ్ల సంది గిట్లనే కూసున్న, కాళ్లు గుంజుతానయ్.’ 1163 నాటి గుడి కాబట్టి లెక్క సరే గానీ, రెండు వరుసల్లో పట్టలేదు. మిగిలింది: ‘ఏండ్ల సంది గిట్లనే... కాళ్లు గుంజుతానయ్!’ ఇదే బాగుంది కూడా.

షాట్ 2: మేక

మేక తల నిమిషం నిలవదు. బుడగ మొత్తాన్ని తలకు కట్టేస్తే అక్షరాలు వణుకుతాయి, చదవలేం. ఇక్కడ ఆలోచన బుడగకు ఉన్న గొప్ప సుఖం పనికొచ్చింది: దాని తోక తెగిపోయి ఉంటుంది. చిన్న చుక్క ఒక్కటే తలతో పాటు ప్రతి ఫ్రేమూ కదులుతుంది. మిగతా రెండు చుక్కలు, మేఘం, అక్షరాలు 12 ఫ్రేములకు ఒక కీఫ్రేముతో నిదానంగా వెనకాల వస్తాయి. మధ్యలో ఎడం పెరిగినా తగ్గినా కంటికి తప్పుగా తోచదు. మాట్లాడే బుడగైతే తోకను ప్రతి ఫ్రేములో వంచుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది.

ట్రాకర్ పెట్టె చెవుల మీద పెట్టొద్దు, అవి ఆడుతూనే ఉంటాయి. కొమ్ముల మొదలు మేలు. మధ్యలో ఒక బైక్ అడ్డం వచ్చి 14 ఫ్రేములు తల కనబడలేదు, ట్రాకర్ బైక్ ఎక్కి వెళ్లిపోయింది. అడ్డానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి విడిగా నడిపి, నడిమి 14 ఫ్రేములకు రెండు చివరలూ కలిపితే సరిపోయింది. మాట: ‘గడ్డి ఏది? అన్నీ సెల్ఫీలే!’

షాట్ 3: యార్డు

ఇంకా సగంలోనే ఉంది. మిర్చి బస్తాల ముందు తెల్ల బుడగ అద్దినట్టు కనిపించింది. అదే కెమెరా పత్తి కుప్పల వైపు తిరిగేసరికి మేఘం మాయమైంది, గీత ఒక్కటే మిగిలింది. బుడగ వెనక 12 పిక్సెళ్ల మసక నీడ, 35 శాతం ముదురుతో వేస్తే కొంత తేలింది. అక్షరాలకు మిర్చి ఎరుపు వేద్దామన్న ఆలోచన పనిచేయలేదు. మామూలు వీడియోలో రంగు సమాచారం అడ్డంగా సగం, నిలువునా సగం వివరంతోనే దాచబడుతుంది, అందుకే ఎర్ర అక్షరాల అంచులు అలికినట్టు అవుతాయి. నలుపే ఉంచాలి.

ఇందులో తల మనిషిది. వాళ్లు అనుకోని మాట వాళ్ల తల మీద పెట్టేముందు అడగాలి. నందికి, మేకకు ఆ తిప్పలు లేవు. సరేనన్న హమాలీ అన్నకు రాసిన మాట, ‘గీ బస్తా నాకన్నా బరువుందే!’, నిలువు కాపీ 1080×1920లో ఇంకా కుదర్లేదు. ఫోన్ తెరమీద కింది భాగం, కుడి అంచు యాప్ గుర్తులకు పోతాయి. బస్తా ఎత్తుతూ మనిషి ఎడమకు నడుస్తాడు, మేఘాన్ని అతని వెనక వైపు, పై మూడోవంతులో పెట్టి చూడాలి.