మడతబల్ల నిలబడింది

మూడు వారాలు సెలవు రోజుల్లో కూర్చుంటే, ఇవాళ మడతబల్ల తన కాళ్ల మీద నిలబడింది. పైపలక తొందరగానే అయింది. అసలు పనంతా కాళ్లలోనే. ఎత్తు మార్చుకోవడానికి ఒక్కో కాలికి రెండు ముక్కలు, ఒకదాని పక్కన ఒకటి జారతాయి. 5 సెంటీమీటర్లకో రంధ్రం, అందులో 8 మిల్లీమీటర్ల బోల్టు, చేత్తో తిప్పే చెవుల నట్టు.

మొదట రంధ్రాలు విడివిడిగా కొలిచి వేశాను. రెండు మిల్లీమీటర్ల తేడాకే బల్ల ఊగిపోయింది, చాలా బాధేసింది. కొత్త చెక్క కోసి, ఒక కాలినే అచ్చుగా పెట్టుకుని, మిగతావి దానికి క్లాంపుతో బిగించి డ్రిల్ చేశాను. కుదిరింది! (నట్టు కింద వాషర్, అంటే చిల్లున్న రేకు బిళ్ల, మర్చిపోవద్దు, లేకపోతే చెక్కలోకి దిగిపోతుంది.)

సాయంత్రం నాన్న రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి చూశారు. కదల్లేదు.