బ్రిస్బేన్‌లో పనస పిక్కలు

పోయిన ఫిబ్రవరిలో పక్కింటి పెద్దాయన మా గుమ్మంలో ఒక కాయ పెట్టి వెళ్ళాడు. చూసి అమ్మ, "పనసకాయేంటే, ఇక్కడ కూడా కాస్తుందా?" అంది. పచ్చగా, ముళ్ళుముళ్ళుగా ఉంది. తూస్తే ఆరున్నర కిలోలు.

పనస కాదమ్మా, బన్యా. ఆస్ట్రేలియాలోని ఈ క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రానికి సొంత చెట్టు. మన దగ్గర డాబాల ముందు క్రిస్మస్ చెట్టని పెంచుతారే, దానికి దాయాది. కాకపోతే ఇది 40 మీటర్లు కూడా పెరుగుతుంది. ఎండాకాలం నడిమి నుంచి, అంటే ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా, అంత ఎత్తు నుంచి ఈ కాయలు రాలతాయి. కొన్ని 10 కిలోలుంటాయి. చెట్టు కింద కారు పెట్టినవాడి గతి మీరే ఊహించుకోండి.

గరాజ్‌లో వదిలేస్తే నాలుగు రోజులకి రేకులు వాటంతటవే విడిపోయాయి. లోపల అంతా జిగురు. అమ్మ ఎవరూ చెప్పకుండానే చేతులకి నూనె రాసుకుని కూర్చుంది. 63 గింజలు లెక్కపెట్టింది. వీటినే బన్యా నట్స్ అంటారు. ఉప్పేసి అరగంట ఉడికించి, వేడి మీదే ఒలవాలి. చల్లారితే పెంకు బిగుసుకుపోతుంది. గులాబీ కొమ్మలు కత్తిరించే కత్తెరతో నేను పెంకు చీలుస్తుంటే, అమ్మ పప్పు తీసింది. పనస పిక్కకీ చిలగడదుంపకీ మధ్య రుచి, చివర్లో ఓ పిసరు జిగురు వాసన. సగం ఆవపెట్టి కూర చేసింది.

నాన్నకి షుగర్. "నట్స్ మంచివన్నాడు డాక్టరు" అంటూ గిన్నె దగ్గరికి లాక్కున్నారు. అక్కడే పేచీ. షాపులో కొనే పైన్ నట్స్‌లో 100 గ్రాములకి 68 గ్రాముల దాకా కొవ్వే. బన్యాలో కొవ్వు నామమాత్రం. ఉన్నదంతా పిండి పదార్థం, కాస్త ప్రోటీన్, పొటాషియం, మెగ్నీషియం. గ్లూటెన్ ఉండదు కాబట్టి గోధుమ పడనివాళ్ళకి దీని పిండి బాగా పనికొస్తుంది. కానీ పేరులో నట్ ఉందని బాదం పప్పులా గుప్పెళ్ళకి గుప్పెళ్ళు మింగితే ఎలా? ఇది అన్నం లెక్క. నాన్నకి ఆరు పెట్టి, కంచంలో ఓ గరిటెడు అన్నం తగ్గించాం. ఆయన ముఖం చూడాలి! "సూపర్ ఫుడ్" అని సీసాల్లో పోసి అమ్మేవాళ్ళ మాటలు నేను నమ్మను.

అసలు దీన్ని తిండిగానే చూశారు ఇక్కడి ఆదివాసులు. బన్యా ఏటా ఒకేలా కాయదు, రెండు మూడేళ్ళకోసారి విరగకాస్తుంది. అప్పుడు వక్కా వక్కా లాంటి తెగలవాళ్ళు కబురంపితే వందల కిలోమీటర్ల నుంచి జనం బన్యా కొండలకి నడిచి వచ్చేవాళ్ళు. నెలల తరబడి ఆటపాటలు, పెళ్ళి మాటలు, తగువుల తీర్పులు, అన్నీ ఈ గింజల మీదే నడిచేవి. 1842లో అప్పటి న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ గిప్స్ ఈ చెట్లున్న నేలలో తెల్లవాళ్ళు స్థిరపడకూడదని, చెట్లు కొట్టకూడదని ఉత్తర్వు ఇచ్చాడు. 1860లో దాన్ని ఎత్తేశారు. తర్వాత రంపాలు దిగాయి.

మిగిలిన గింజల్ని ఆ ఆదివాసులు తడి మట్టిలో పాతి దాచుకునేవాళ్ళని చదివి వినిపిస్తే అమ్మ, "తాటి టెంకలు పాతరేసినట్టా?" అని నాలుగు గింజలు కుండీలో పూడ్చి, ఊరెళ్ళిపోయింది. రోజూ నీళ్ళు పోశాను. నెలలు గడిచినా పైన పచ్చటి పిలక లేదు. విసుగొచ్చి తవ్వితే, కింద లావుపాటి దుంప! ఈ చెట్టుకి మొదట మట్టిలోపల దుంప ఊరుతుంది, మొక్క తీరిగ్గా పైకొస్తుంది.

వీడియో కాల్‌లో చూపించాను. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, "తేగే! మొదలు కాస్త ఒంకరగా ఉంది. ఉడకబెట్టు" అంది.